స్టేజీకి, స్టాపుకు మధ్య: తక్కువ వనరులతో బస్సుల పటం గీయడం ఎలా?

క్లుప్తంగా: బస్సు ఇప్పుడు ఎక్కడుందో చూపించడం ఒక పని, ఏ ఊరికి ఎన్నింటికి బస్సుందో చెప్పడం ఇంకో పని. మొదటిదానికి బస్సులో ఒక పరికరం పెడితే సరిపోతుంది. రెండోదానికి ప్రతి స్టాపు పేరు, చోటు, వేళ రాసిన పట్టిక ఉండాలి. మన బస్సుల లెక్క స్టేజీల మీద, అంటే ఛార్జీ కోసం పెట్టుకున్న గుర్తుల మీద నడుస్తుంది కాబట్టి ఆ పట్టికను కొత్తగా కట్టుకోవాల్సి వస్తుంది. కట్టడానికి పెద్ద ఖర్చు కాదు. కట్టినదాన్ని ఏడాది పొడవునా తాజాగా ఉంచడానికే మనిషి కావాలి.

పెనుమూరు దారిలోని ఒక పల్లెకు వెళ్లాల్సిన మనిషి వేలూరు నుంచి వచ్చి చిత్తూరు బస్టాండులో దిగాడనుకుందాం. అతని జేబులో ఫోను ఉంది. వేలూరు నుంచి చిత్తూరు ఎంత దూరమో, చిత్తూరులో టిఫిన్ ఎక్కడ దొరుకుతుందో ఆ ఫోను చూపించింది. పల్లెకు బస్సు ఎన్నింటికని అడిగితే మాత్రం కారులో వెళితే ఎంతసేపు పడుతుందో చెప్పి ఆగిపోతుంది. చివరికి అతను విచారణ కిటికీ దగ్గరికి వెళతాడు. లోపలున్న కంట్రోలరు కాగితం చూడకుండానే, ‘ఇప్పుడే పోయిందన్నా, మళ్లీ రెండున్నరకే’ అంటాడు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అది ఆ కిటికీ దగ్గర, ఆ మనిషి డ్యూటీలో ఉన్నంతసేపే దొరుకుతుంది.

కంట్రోలరుకు కంఠతా వచ్చిన ఆ విషయాన్ని ఎవరైనా, ఎక్కడినుంచైనా తెలుసుకునేలా చేయడమే ప్రజా రవాణాలో డిజిటల్ పటం చేసే పని. ‘బస్సు ఎక్కడుంది’ అనే ప్రశ్నకు జవాబిచ్చే ఏర్పాటు కొంతవరకు ఉంది. ఏపీఎస్‌ఆర్టీసీకి లైవ్ ట్రాక్ యాప్ ఉంది. పల్లె వెలుగు ప్రయాణికుడి ప్రశ్న వేరు. తెర మీద కదిలే చుక్క కంటే ముందు అతనికి తెలియాల్సినవి మూడు: ఎక్కడ నిలబడాలి, ఏ బస్సు ఎక్కాలి, అది ఎన్నింటికి వస్తుంది.

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఈ మూడు ప్రశ్నలూ మరింత చిక్కు పడతాయి. ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. వేలూరు, తిరుత్తణి దారుల్లో తమిళనాడు బస్సులు, పలమనేరు వైపు కర్ణాటక బస్సులు మన బస్సులతో పాటు తిరుగుతాయి. తిరుమల కొండ మీద దేవస్థానం నడిపే ఉచిత బస్సులు వేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా జనం రాకపోకలు విడిపోలేదు. వీటన్నిటికీ తోడు, రోజూ వచ్చే యాత్రికుల్లో తెలుగు చదవలేనివారు వేలల్లో ఉంటారు. మరోవైపు, డీజిలుకు, టైర్లకు, విడిభాగాలకు వెతుక్కునే డిపోలో పటం కోసం డబ్బు అడగడం ఏ మేనేజరుకైనా కష్టమే. అందుకే ఇక్కడ చూడాల్సింది, ఉన్నవాటితో ఎంతవరకు వెళ్లగలమన్నది.

## స్టేజీ వేరు, స్టాపు వేరు

కండక్టరు చేతిలో టిక్కెట్లు కొట్టే టిమ్ యంత్రంలో ఒక రూటుకు సంబంధించిన స్టేజీలు వరుసగా ఉంటాయి. ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ నొక్కితే ఛార్జీ వస్తుంది. యంత్రాలు రాకముందు టిక్కెట్టు పుస్తకాలున్న కాలంలోనూ లెక్క ఇదే. ఏ స్టేజీ దగ్గర ఏ నంబరు టిక్కెట్టు వరకు చించారో కండక్టరు ఎస్ఆర్ అనే లెక్కల కాగితంలో రాసుకునేవారు. అంటే స్టేజీ అనేది డబ్బు లెక్క కోసం పుట్టిన గుర్తు.

బస్సు ఆగేది స్టేజీల దగ్గర మాత్రమే కాదు. రెండు స్టేజీల నడుమ ఒక మర్రిమాను ఉంటుంది, ఒక హైస్కూలు ఉంటుంది, ఎడమకు తిరిగితే పల్లెకు వెళ్లే ఒక క్రాసు ఉంటుంది. ‘క్రాసు దగ్గర ఆపన్నా’ అంటే డ్రైవరు ఆపుతారు. ఛార్జీ మాత్రం ఆ తర్వాత వచ్చే స్టేజీదే పడుతుంది. టిక్కెట్టు లెక్కలో ఆ క్రాసు ఎక్కడా కనిపించదు. అక్కడ దిగి నడిచే మనిషికి మాత్రం ఆ తేడా ఒక కిలోమీటరు కావచ్చు. మే నెల మధ్యాహ్నం చంకలో బిడ్డతో ఉన్న తల్లికి ఆ కిలోమీటరు చిన్నది కాదు.

ఇంకో చిక్కు దీనికంటే లోతైనది. స్టేజీల జాబితా రూటు వారీగా ఉంటుంది. ప్రతి రూటూ మొదటి స్టేజీ నుంచి ఇన్ని కిలోమీటర్లు అని కొలిచిన ఒక దారం లాంటిది. ఆ దారం భూమి మీద ఎక్కడ పడి ఉందో జాబితా చెప్పదు. పూతలపట్టు సంగతే చూద్దాం. చిత్తూరు నుంచి వచ్చే రోడ్డు అక్కడ చీలి ఒకటి తిరుపతి వైపు, ఇంకొకటి పీలేరు, కడపల వైపు వెళుతుంది. రెండు దారుల బస్సుల జాబితాల్లోనూ పూతలపట్టు ఉంటుంది. ఈ రెండూ ఒకే ఊరని మనిషికి చెప్పనక్కర్లేదు. కంప్యూటరుకు చెప్పి తీరాలి. చెప్పకపోతే అది రెండు వేరు వేరు చోట్లుగానే చూస్తుంది, ‘ఈ బస్సు పూతలపట్టులో దిగి ఆ బస్సు ఎక్కండి’ అని ఎప్పటికీ చెప్పలేదు. బస్సు మారి వెళ్లేవారికి పటం ఉపయోగపడకపోవడానికి మూలం తరచూ ఇక్కడే ఉంటుంది.

కాబట్టి మొదటి మెట్టు పెద్ద సాఫ్ట్‌వేర్ కొనడం కాదు. ఉన్న స్టేజీలన్నిటినీ ఒకే జాబితాలోకి తెచ్చి, ఒకే చోటుకు ఒకే నంబరు ఇచ్చి, దాని పక్కన అక్షాంశ రేఖాంశాలు రాయడం. ఆ తర్వాత నడుమ ఉన్న స్టాపులను చేర్చుకుంటూ పోవడం. ఈ పని చూడటానికి గుమాస్తా పనిలాగే ఉంటుంది, కానీ మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

## ఒక సాదా పట్టిక కథ

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బస్సులు, రైళ్లు నడిపే ట్రైమెట్ సంస్థలో బిబియానా మెక్‌హ్యూ అనే ఉద్యోగిని ఉండేవారు. కారులో వెళ్లేవారికి దారి చెప్పే పటాలు బస్సులో వెళ్లేవారికి ఎందుకు చెప్పవన్నది ఆమె ప్రశ్న. 2005లో ఆమె సంస్థ తన టైంటేబుల్ సమాచారాన్ని గూగుల్ ఇంజనీర్లకు ఇచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో గూగుల్ ట్రాన్సిట్ ఒక్క పోర్ట్‌లాండ్‌తోనే మొదలైంది. ఆ సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి తయారైన పద్ధతి పేరు జీటీఎఫ్‌ఎస్. మొదట అందులోని జీ అంటే గూగుల్. ఇతరులు కూడా వాడుకోవడం మొదలయ్యాక దాన్ని జనరల్ అని మార్చారు; పూర్తి పేరు జనరల్ ట్రాన్సిట్ ఫీడ్ స్పెసిఫికేషన్. నేడు ప్రపంచమంతటా రవాణా సంస్థలు తమ వేళలను ఈ రూపంలోనే బయటపెడుతున్నాయి.

బీద సంస్థలకు ఈ పద్ధతి అందుబాటులో ఉండటానికి కారణం దాని సాదాతనం. అది కొన్ని మామూలు అక్షరాల పట్టికల మూట. ఒక పట్టికలో స్టాపులు, ఒకదానిలో రూట్లు, ఇంకొకదానిలో ట్రిప్పులు, మరొకదానిలో ఏ ట్రిప్పు ఏ స్టాపుకు ఎన్నింటికి చేరుతుందన్న వేళలు, వేరొకదానిలో ఆ ట్రిప్పు ఏయే రోజుల్లో నడుస్తుందన్న వివరం. ఆఫీసులో జీతాల లెక్కకు వాడే పట్టికల సాఫ్ట్‌వేర్‌లోనే వీటిని తయారుచేయవచ్చు.

స్టాపుల పట్టికలో ఒక వరుసను దగ్గరగా చూస్తే పని స్వభావం అర్థమవుతుంది. నంబరు, పేరు, అక్షాంశం, రేఖాంశం: ఈ నాలుగూ ముఖ్యం. తిరుపతి నగరం స్థూలంగా 13.63 అక్షాంశం, 79.42 రేఖాంశం దగ్గర ఉంది. దశాంశం తర్వాత రెండే అంకెలు రాస్తే ఒక్కో అంకె మార్పుకు చోటు దాదాపు 1.1 కిలోమీటర్లు కదులుతుంది. అలా రాసిన స్టాపు లీలామహల్ కూడలి దగ్గరిదో, బస్టాండు దగ్గరిదో తెలియదు. ఐదు అంకెలు రాస్తే తేడా మీటరుకు వస్తుంది, రోడ్డుకు ఇటు పక్కనో అటు పక్కనో తెలిసిపోతుంది. మామూలు ఫోను ఆకాశం తేటగా కనిపించే చోట సుమారు 5 మీటర్ల లోపు తేడాతో చోటు చెప్పగలదు. స్టాపును గుర్తించడానికి అది చాలు.

అక్షాంశం, రేఖాంశం తారుమారైతే? 79.4 అక్షాంశం, 13.6 రేఖాంశం దగ్గర ఉన్నది నార్వేకు ఉత్తరాన మంచు కప్పిన స్వాల్‌బార్డ్ దీవులు. పటం తెరిచి చూస్తే తిరుపతి స్టాపు ఉత్తర ధ్రువం దారిలో కనిపిస్తుంది. ఇది కొత్తగా పని నేర్చుకునేవారు చేసే మామూలు పొరపాటే. పటం మీద వెంటనే కనిపిస్తుంది కాబట్టి దిద్దుకోవడం తేలిక. కనిపించని పొరపాట్లు పేర్లలో ఉంటాయి. బంగారుపాళెం అని ఒకరు రాస్తే బంగారుపాళ్యం అని ఇంకొకరు, బంగారుపాలెం అని మరొకరు రాస్తారు. ఇంగ్లిషులో రాస్తే ఇంకెన్ని రూపాలో. కొత్తపల్లె అనే ఊరు ఎన్ని మండలాల్లో ఉందో లెక్కపెట్టడం కష్టం. అందుకే పేరును నమ్ముకోకుండా నంబరును నమ్ముకోవాలి. పేరు దిద్దినా, కూడలికి కొత్త నాయకుడి పేరు పెట్టినా నంబరు మారకూడదు. నంబరు స్థిరంగా ఉంటే దాని పక్కన తమిళం, కన్నడం, హిందీ పేర్లు చేర్చడం తర్వాతైనా చేయవచ్చు. ఎవరైనా దిద్దగల ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ, జీటీఎఫ్‌ఎస్‌లోనూ అందుకు వేరే గళ్లు ఉన్నాయి. తమిళనాడు నుంచి వచ్చే భక్తురాలు తన లిపిలో తిరుచానూరు పేరు చదువుకోగలగడం చిన్న సౌకర్యం కాదు.

వేళల పట్టిక చూడగానే చాలామంది భయపడతారు. 30 స్టాపులున్న రూటులో రోజుకు 16 ట్రిప్పులంటే ఆ ఒక్క రూటుకే 480 వరుసలు. కానీ ప్రతి స్టాపుకూ నిమిషం లెక్క రాయాలని నియమం లేదు. బయల్దేరే వేళ, చేరే వేళ, నడుమ ఒకటి రెండు పెద్ద ఊళ్ల వేళలు ఇచ్చి మిగతావి ఖాళీగా వదిలేస్తే దూరాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ అంచనా కట్టుకుంటుంది. డిపో కాగితాల్లో ఉండేవీ ఆ రెండు మూడు వేళలే. తిరుపతి నుంచి తిరుమలకు వెళ్లే బస్సులకు ఇంకా తేలికైన మార్గం ఉంది. అవి నిమిషాల తేడాతో ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. వాటికి టైంటేబుల్ రాయకుండా ‘ఫలానా వేళ నుంచి ఫలానా వేళ వరకు ఇన్ని నిమిషాలకు ఒకటి’ అని ఒక్క వరుస రాస్తే చాలు.

## తిథితో మారే టైంటేబుల్

ఏ రోజు ఏ బస్సు నడుస్తుందన్న పట్టిక మన ప్రాంతానికి వచ్చేసరికి పరీక్ష పెడుతుంది. పాశ్చాత్య నగరాల్లో సోమవారం నుంచి శుక్రవారం ఒక రకం, శని ఆదివారాలు ఒక రకం, మరి కొన్ని సెలవు రోజులు. తిరుపతిలో రద్దీని నడిపేది వారమే కాదు, పంచాంగం కూడా. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడ సేవ రోజున, కొండకు అదనపు బస్సులు నడుస్తాయి. తిరుచానూరులో పంచమి తీర్థం రోజు జనం అంతా ఒకే వైపు కదులుతారు. కాణిపాకంలో వినాయక చవితితో మొదలయ్యే బ్రహ్మోత్సవాలు 21 రోజులు సాగుతాయి. తిరుపతి గంగ జాతరలో పాత ఊరి వీధుల్లోకి బస్సు వెళ్లే పరిస్థితి ఉండదు.

ఇవన్నీ తిథుల ప్రకారం వస్తాయి. ఇంగ్లిషు తేదీ ఏటా మారుతుంది కాబట్టి కంప్యూటరుకు ‘ప్రతి సంవత్సరం ఇదే తేదీ’ అని ఒకసారి చెప్పి వదిలేయలేం. కొత్త పంచాంగం రాగానే ఎవరో ఒకరు కూర్చుని ఆ ఏడాది ప్రత్యేక రోజుల జాబితా రాయాలి. పట్టికలో అందుకు చోటుంది. ఫలానా తేదీకి ఫలానా సర్వీసు అదనం, ఫలానాది రద్దు అని రాయవచ్చు. రాసే మనిషి లేకపోతే ఏడాదిలో అత్యంత రద్దీ రోజునే పటం తప్పు చెబుతుంది. మిగతా రోజుల్లో ఎంత సరిగా ఉన్నా ఆ ఒక్క రోజు చూసినవారు మళ్లీ నమ్మరు.

ఈ పట్టికకు ఇంకో లక్షణం ఉంది. అందులో ప్రతి సర్వీసుకు మొదలు తేదీ, ముగింపు తేదీ రాయాలి. ముగింపు తేదీ దాటిపోతే, పొడిగించేవారు లేకపోతే, ఆ బస్సు రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది, ఫోనులో మాత్రం మాయమవుతుంది. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే, కేవలం గడువు దాటడం వల్ల ఒక ఊరు పటంలో బస్సు లేని ఊరైపోతుంది.

రాత్రి బస్సుల సంగతీ చెప్పుకోవాలి. రాత్రి 11.50కి బయల్దేరి 12.40కి చేరే ట్రిప్పును మామూలుగా రాస్తే చేరే వేళ బయల్దేరే వేళకు ముందే వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని జీటీఎఫ్‌ఎస్‌లో అర్ధరాత్రి దాటిన వేళను 24 గంటల 40 నిమిషాలని రాస్తారు. ఆ డ్యూటీ మొదలైన రోజు ఇంకా ముగియలేదని అర్థం. డ్యూటీ రోజు వేరు, క్యాలెండరు రోజు వేరు అని కండక్టర్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

## ఘాట్ రోడ్డు మీద చుక్కలు

స్టాపులు కుదిరాక దారి గీయాలి. తిరుమల ఘాట్ రోడ్డు ఇందుకు మంచి ఉదాహరణ. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఇప్పుడు రెండో దారిలో ఎక్కుతారు, మొదటి దారిలో దిగుతారు. అంటే పోయే దారిని తిరగేస్తే వచ్చే దారి కాదు. రెండింటినీ విడివిడిగా గీయాలి. అలిపిరి నుంచి తిరుమలకు పటం మీద నేరుగా గీత గీస్తే దూరం ఏడు కిలోమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. బస్సు తిరిగే దూరం దానికి రెట్టింపు కంటే ఎక్కువ. రెండు స్టాపుల మధ్య నేరు గీతను బట్టి వేళ లెక్కగడితే జవాబు ఎంత తప్పవుతుందో ఇక్కడ తెలుస్తుంది.

కదిలే బస్సును చూపించడంలోనూ ఇదే ఇబ్బంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కే బస్సు సెకనుకు అయిదున్నర మీటర్లు కదులుతుంది. పరికరం 30 సెకన్లకు ఒకసారి చోటు పంపితే రెండు చుక్కల మధ్య దూరం 165 మీటర్లు దాటుతుంది. ఆ మధ్యలో ఒక మలుపు పూర్తిగా తిరిగిపోవచ్చు. చుక్కలను కలిపితే గీత లోయ మీదుగా పోతుంది. కొండ అడ్డు, చెట్ల నీడ ఉన్న చోట ఉపగ్రహ సంకేతం కూడా చెదురుతుంది. ముందే గీసి పెట్టుకున్న దారి ఉంటే ప్రతి చుక్కనూ దానికి దగ్గరగా జరిపి సరిచేయవచ్చు. దారి గీయకుండా పరికరాలు మాత్రం బిగిస్తే అందే సమాచారం గందరగోళంగా ఉంటుంది. నగరంలో ఇదే చిక్కు శ్రీనివాస సేతు దగ్గర వస్తుంది. 2023లో పూర్తిగా తెరుచుకున్న ఆ వంతెన మీద బస్సు వెళుతోందా, కింది రోడ్డున వెళుతోందా అన్నది చుక్క ఒక్కటే చెప్పలేదు. ప్రయాణికుడు నిలబడేది మాత్రం కిందే.

ఈ పరికరాలు చాలా కొత్త బస్సుల్లో ఎలాగూ ఉంటాయి. 2019 జనవరి 1 తర్వాత రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాల్లో చోటు తెలిపే పరికరం, అత్యవసర మీట ఉండాలని ఏఐఎస్-140 ప్రమాణం ద్వారా కేంద్రం నిబంధన తెచ్చింది. మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌లో మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచే ఎగిరింది. ఆ శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. చోటును కచ్చితంగా కొలిచే సాంకేతికతల కోసం ఏర్పాటైన జాతీయ స్థాయి కేంద్రం తిరుపతి ఐఐటీలో ఉంది. పరిజ్ఞానం కోసం దూరం వెళ్లాల్సిన పని లేని ప్రాంతమిది.

అయినా పరికరం చెప్పేది ఒక్కటే: ఫలానా నంబరు బండి ఫలానా చోట ఉంది. ఆ బండి ఇప్పుడు ఏ ట్రిప్పు నడుపుతోందో దానికి తెలియదు. ఉదయం ఒక బస్సు బ్రేక్ డౌన్ అయింది, డిపో వెంటనే ఇంకో బస్సు పంపింది. రోడ్డు మీద సమస్య తీరిపోయింది. బండి మార్పును వ్యవస్థలో ఎక్కించకపోతే పటం మాత్రం గ్యారేజీలో నిలబడ్డ బస్సునే చూపిస్తూ ఉంటుంది. లైవ్ ట్రాకింగ్ మీద ప్రయాణికులకు నమ్మకం పోయే చోట్లలో ఇదొకటి. దీనికి మందు ఖరీదైన పరికరంలో దొరకదు. బండి మార్చిన మనిషి అర నిమిషంలో ఆ మార్పు నమోదు చేయగల సులువైన తెర ఉంటే చాలు.

## మిగతా నగరాలు ఏం చేశాయి

కెన్యా రాజధాని నైరోబీలో జనం ఎక్కువగా ఎక్కేది మటాటు అనే ప్రైవేటు వ్యాన్లు. వాటికి టైంటేబుల్ లేదు, అధికారిక రూట్ల పటం లేదు. అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులు ఫోన్లు పట్టుకుని ఆ వ్యాన్లలోనే తిరిగి స్టాపులు, దారులు నమోదు చేశారు. 2014లో వెలువడిన ఆ పటాన్ని నగర పాలన యంత్రాంగం తన అధికారిక పటంగా స్వీకరించింది. మెక్సికో నగరంలో 2016లో పౌరులకు పోటీ పెట్టి బస్సుల్లో తిరుగుతూ దారులు నమోదు చేయించారు. మన దేశంలో కొచ్చి మెట్రో 2018లో తన వేళలను జీటీఎఫ్‌ఎస్ రూపంలో అందరికీ తెరిచింది. అదే ఏడాది ఢిల్లీ రవాణా శాఖ ఐఐఐటీ ఢిల్లీ సాయంతో బస్సుల సమాచారాన్ని బహిరంగంగా ఉంచింది.

నైరోబీతో పోలిస్తే ఆర్టీసీ చాలా ముందుంది. రూటుంది, స్టేజీ ఉంది, వేళ ఉంది, ప్రతి ట్రిప్పుకు లెక్క ఉంది. లేనిది చోటు ఒక్కటే. నైరోబీ సున్నా నుంచి మొదలుపెట్టి సాధించినదాన్ని ఇక్కడ సగం దారి నుంచి మొదలుపెట్టవచ్చు.

## ఖర్చు ఎక్కడ పడుతుంది

పటం గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోని రోడ్లను మూలాన్ని పేర్కొంటూ ఎవరైనా వాడుకోవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. భారతీయ సంస్థలు పటాలు తయారుచేయడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం అడ్డు లేదు, లైసెన్సు ఖర్చు లేదు.

సర్వే పని కూడా అనుకున్నంత పెద్దది కాదు. ఒక డిపోకు 60 రూట్లున్నాయనుకుంటే రానూ పోనూ 120 ప్రయాణాలు. ఇద్దరు విద్యార్థులు రోజుకు మూడేసి ప్రయాణాలు చేస్తే 20 రోజుల్లో ముగుస్తుంది. సర్వే కోసం వేరే జీపు అక్కర్లేదు, తిరిగే బస్సే సర్వే బండి. పక్కన కూర్చున్న కండక్టరు ‘ఇది స్టాపే, రాసుకో’, ‘ఇది పాతది, ఇప్పుడు ఆపడం లేదు’ అని చెబుతూ ఉంటే ఏ ఉపగ్రహ చిత్రమూ ఇవ్వలేని వివరం అందుతుంది. ఆ దారిలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన కండక్టరు ఒకరిని పిలిచి, వచ్చిన జాబితాను ఆయన ముందు పెట్టి సరిచూసుకుంటే ఇంకా మంచిది. ఆయన జ్ఞాపకంలో ఉన్నది ఏ ఫైల్లోనూ లేదు. అడగకపోతే ఆయనతోనే పోతుంది.

అసలు ఖర్చు 21వ రోజు నుంచి మొదలవుతుంది. వానకు కల్వర్టు కొట్టుకుపోయి బస్సు వేరే దారిన తిరుగుతుంది. బడి వేళ మారిందని ట్రిప్పును పావుగంట ముందుకు జరుపుతారు. రోడ్డు విస్తరణలో స్టాపు యాభై మీటర్లు జరుగుతుంది. ఒక్కొక్కటీ చిన్న మార్పే. ఆరు నెలలు ఎవరూ ఎక్కించకపోతే పటం పాతబడుతుంది. ప్రాజెక్టుకు నిధులు మొదటి ఇరవై రోజులకు దొరుకుతాయి, ప్రారంభోత్సవమూ జరుగుతుంది. తర్వాతి సంవత్సరాలకు పద్దు ఉండదు. చిన్న సంస్థల పటాలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. డిపోలో రూటు మార్పు ఉత్తర్వు మీద సంతకం అయ్యే రోజే పట్టికలో వరుస కూడా మారాలి. ఆ పని ఎవరిదో పేరు పెట్టి రాయాలి. వారానికి కొన్ని గంటల పని. దానికి కొత్త ఉద్యోగం అక్కర్లేదు, ఉన్న ఉద్యోగంలో ఆ గంటలకు చోటు కావాలి.

బయటి కంపెనీకి అప్పగించినా ఈ బాధ్యత తప్పదు. అప్పగించేటప్పుడు ఒప్పందంలో ఒక్క మాట మాత్రం వదిలిపెట్టకూడదు. స్టాపుల పట్టిక సంస్థ సొత్తుగా ఉండాలి, ఎప్పుడు అడిగినా అందరూ చదవగల రూపంలో తిరిగి ఇవ్వాలి. ఈ మాట లేకపోతే గడువు ముగిసిన రోజు యాప్‌తో పాటు పట్టికా పోతుంది, మళ్లీ మొదటి స్టేజీ నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

## సున్నా టిక్కెట్టు చెప్పే లెక్క

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో ఈ విషయానికి కొత్త తొందర వచ్చింది. పల్లె వెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ వరకు అయిదు రకాల బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఉచితమైనా కండక్టరు సున్నా ఛార్జీ టిక్కెట్టు ఇస్తారు. ఆ టిక్కెట్టులో ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, వేళ ఉంటాయి. ఏ సర్వేకూ ఇంత పెద్ద సమాచారం దొరకదు. స్టేజీలకు అక్షాంశ రేఖాంశాలు చేర్చిన మరుక్షణం ఈ టిక్కెట్లు పటంగా మారతాయి. ఏ వేళకు ఏ ముక్కలో బస్సు కిక్కిరిసిపోతోంది, ఎక్కడ ఖాళీ అవుతోంది అన్నది కళ్లకు కడుతుంది. రూటు మొత్తానికి సగటు లెక్క తీస్తే ఇది కనపడదు. చివరి పది కిలోమీటర్లు ఖాళీగా తిరిగే బస్సు మొదటి పది కిలోమీటర్లలో ఫుట్‌బోర్డు దాకా నిండి ఉండవచ్చు. అలాంటి చోట రూటంతటికీ ఇంకో బస్సు వేయకుండా ఆ ముక్కకు మాత్రం ఒక చిన్న ట్రిప్పు పెంచవచ్చు.

ఈ లెక్క కండక్టరు వేళ్ల మీదుగా వస్తుందని గుర్తుంచుకోవాలి. కదలడానికి చోటులేని బస్సులో అందరి స్టేజీ అడిగి కచ్చితంగా నొక్కడం సాధ్యం కాకపోవచ్చు. రద్దీ పెరిగేకొద్దీ, అంటే సమాచారం అవసరమయ్యేకొద్దీ, తప్పులూ పెరుగుతాయి. కాబట్టి టిక్కెట్ల లెక్కను అప్పుడప్పుడు తలలు లెక్కపెట్టి సరిచూడాలి. ఇంకో సంగతి కూడా ఉంది. పటాన్ని, ట్రాకింగును సిబ్బంది మీద చర్యలకే వాడితే వారు దాన్ని తమవైపు పనిముట్టుగా చూడరు. రోజూ రోడ్డు మీద ఉండేవారి సహకారం లేని పటం తొందరగా తప్పుల కుప్ప అవుతుంది.

## చివరి ట్రిప్పు

రాగల ఫలితాల్లో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. ప్రతి ట్రిప్పు రాబడిని గీతగా గీసి, ఎక్కువ వచ్చేదాన్ని ఆకుపచ్చగా, తక్కువ వచ్చేదాన్ని ఎర్రగా రంగు వేయడం నిమిషాల పని. అలా వేసిన పటంలో సాయంత్రం వెళ్లి పల్లెలో పడుకుని తెల్లవారి తిరిగొచ్చే నైట్ హాల్ట్ బస్సు చాలాసార్లు ఎర్రగానే కనిపిస్తుంది. నష్టాల్లో ఉన్న సంస్థకు ఆ రంగు ఒక్క ఆలోచనే ఇస్తుంది.

అదే సాఫ్ట్‌వేర్‌తో అదే గీత పక్కన ఇంకో లెక్క వేయవచ్చు. ఆ బస్సు తీసేస్తే ఎన్ని ఊళ్లకు ఉదయం ఎనిమిదిలోపు మండల కేంద్రానికి మరో దారి ఉండదు? స్టాపు నుంచి అయిదు నిమిషాల నడక అంటే సుమారు 400 మీటర్లు. ఆ దూరాన్ని రోడ్డు వెంట, కాలిబాట వెంట కొలవాలి. నేరు గీతతో కొలిస్తే రైలు పట్టాలకు అవతల, చెరువుకు ఆవల ఉన్న ఇళ్లు కూడా బస్సు అందిన ఇళ్లుగా లెక్కలోకి వచ్చేస్తాయి. సరిగా కొలిచి ఊళ్లను, వాటి జనాభాను, హైస్కూలును, ఆసుపత్రిని ఆ పటం మీద పెడితే ఎర్ర గీత అర్థం మారిపోతుంది. రాబడి లెక్కలో చివర నిలిచిన ట్రిప్పు, ఆధారపడినవారి లెక్కలో మొదట నిలవవచ్చు.

ఈ రెండు పటాల్లో ఏది డిపో మేనేజరు బల్ల మీదికి వస్తుందన్నది సాఫ్ట్‌వేర్ నిర్ణయించదు. స్టాపుల పట్టికలో హైస్కూలు దగ్గరి ఆ క్రాసుకు ఒక నంబరు, అక్షాంశ రేఖాంశాలు ఎవరైనా రాశారా లేదా అన్నదాని మీద అది ఆధారపడి ఉంటుంది.